పాల్ సైమన్ ‘ఏడు కీర్తనలు’: ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు

భీమవరం నుంచి మీరు అడిగిన ప్రశ్నను, తక్కిన పాఠకులకు సందర్భం తెలియడం కోసం, ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారు 40 ఏళ్లుగా అమెరికన్ గాయకుడు, పాటల రచయిత పాల్ సైమన్ పాటలు వింటున్నారు. 2023 మే 19న విడుదలైన సైమన్ కొత్త ఆల్బమ్ ‘సెవెన్ సామ్స్’ (ఏడు కీర్తనలు)ను మీరు దగ్గర కూర్చుని ఆయనకు వినిపించారు. నాన్నగారు సగంలోనే లేచి, గిటారు పట్టుకుని తనలో తాను మాట్లాడుకుంటున్నాడు, ఇందులో పాట ఎక్కడుంది అన్నారు. మీకు మాత్రం చివరికి వచ్చేసరికి కళ్లు చెమర్చాయి. మీ మిత్రుల్లో ఒకరు గొంతు పోయిందన్నారు, ఇంకొకరు 33 నిమిషాలూ ఒకే ట్రాకుగా పెట్టడం శ్రోతను ఇబ్బంది పెట్టడమే అన్నారు. వీరిలో ఎవరి మాట సరైనది, నాన్నగారికి మళ్లీ వినిపించవచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను 1984 నుంచి 2001 దాకా కాకినాడ మెయిన్ రోడ్డులో క్యాసెట్ల దుకాణం, దానికి ఆనుకునే రికార్డింగ్ సెంటర్ నడిపాను. చీటీ మీద పాటల పేర్లు రాసుకుని వచ్చినవారికి వాటిని ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇవ్వడం నా పని. రంగరాయ మెడికల్ కాలేజీ నుంచి, ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లే నాకు పాల్ సైమన్‌ను పరిచయం చేశారు. ఇప్పుడు అంబాజీపేటలో ఉంటున్నాను. ఈ ఆల్బమ్‌ను ఇప్పటికి పదకొండుసార్లు విన్నాను, అందులో మూడుసార్లు నలుగురితో కలిసి విన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది గొప్ప రచన, అయితే మనం ఆల్బమ్ అని పిలవడానికి అలవాటుపడిన పాటల సంపుటి కాదు. కాబట్టి పాటల కోసం కూర్చున్న మీ నాన్నగారు నిరాశ చెందడంలో ఆయన పొరపాటేమీ లేదు. గొంతు గురించి మీ మిత్రుడు చేసిన ఫిర్యాదును మాత్రం నేను ఒప్పుకోలేను.

నాన్నగారి చెవి ఎక్కడ తయారైందో గుర్తు చేసుకుంటే ఆయన నిరాశ అర్థమవుతుంది. ఆయన వయసువారికి పాల్ సైమన్ అంటే ముఖ్యంగా 1986 నాటి ‘గ్రేస్‌ల్యాండ్’. ఆ ఆల్బమ్ పుట్టిన తీరే వేరు. 1985లో సైమన్ జొహానెస్‌బర్గ్ వెళ్లి, అక్కడి వాద్యకారులతో ముందు లయను, వాద్యాలను రికార్డు చేసుకుని, తర్వాత వాటి మీద మాటలు కూర్చాడు. అంటే శ్రోతను ముందుగా పట్టుకునేది డ్రమ్ము, బకితి కుమాలో వాయించిన బేస్ గిటారు. మాట తర్వాత మెల్లగా చెవికెక్కుతుంది. నా దుకాణంలో ఆ క్యాసెట్టు పెడితే ఇంగ్లీషు ముక్క రాని రిక్షా అతను కూడా గుమ్మం దగ్గర ఆగి కాలితో తాళం వేసేవాడు. ఈ కొత్త రచనలో పని ఇంకో దారిలో జరిగింది. ముందు ఒంటరిగా గిటారు ముక్కలు పుట్టాయి, తర్వాత మాటలు వచ్చాయి. 2019 జనవరి 15 రాత్రి కలలో, నువ్వు ‘సెవెన్ సామ్స్’ అనే రచన చేస్తున్నావని తనకు వినిపించిందని, ఆ తర్వాత వారానికి కొన్ని రోజుల చొప్పున తెల్లవారుజామున 3.30కీ 5 గంటలకీ మధ్య మెలకువ వచ్చి మాటలు తోచేవని ఆయన చెప్పుకున్నాడు. ఆ వేళకు డ్రమ్ముతో పనేముంటుంది? నడిపించే లయ కోసం ఎదురుచూసిన చెవికి ఇక్కడ పట్టుకోవడానికి గిటారు తీగ తప్ప ఏమీ దొరకదు. మీ నాన్నగారు ‘పాట ఎక్కడుంది’ అన్నది ఆ పట్టు దొరకక అన్న మాటే.

ఇక ఆ 33 నిమిషాల సంగతి. మా రికార్డింగ్ సెంటర్ లెక్కలో చెప్పాలంటే 60 క్యాసెట్టులో ఒక వైపు 30 నిమిషాలే పడుతుంది. ఈ రచనను దానిలో ఎక్కించబోతే, చివరి మూడు నిమిషాలు, అంటే మొత్తం రచన ఏ మాట కోసం నడిచి వచ్చిందో ఆ మాట ఉన్న చోటు, అవతలి వైపుకు పోతుంది. దీనికి ఒక వైపు 45 నిమిషాలు పట్టే 90 క్యాసెట్టు కావాలి. ఎవరైనా ఆ రోజుల్లో ఇది తెచ్చి, చివరి భాగం ఒక్కటే ఎక్కించండి అని అడిగి ఉంటే నేను ఎక్కించి ఇచ్చేవాణ్ణే గాని, మనసు ఒప్పేది కాదు. ఇప్పటి స్ట్రీమింగ్ యాప్‌లలో ఇది ఒకే ట్రాకుగా ఉంది. ముందుకు జరపవచ్చు గాని, ఏ భాగం ఎక్కడ మొదలైందో చూపే గుర్తు ఉండదు. 30 సెకన్లు వింటే ఒక వినికిడిగా లెక్కగట్టే పద్ధతి స్పాటిఫైలో నడుస్తున్న కాలంలో, ఏడు భాగాలను ఏడుగా విడగొడితే ఏడు లెక్కలు వచ్చేవి. ఆయన అది వదులుకున్నాడు. మీ రెండో మిత్రుడు ఇబ్బంది అన్నది దీన్నే. ఇబ్బంది నిజమే, నేను కాదనను. ప్రయాణంలో, పనిలో ఉండి వినడానికి ఇది కుదరదు.

కానీ గోదావరి జిల్లాలవాళ్లం మనం దీనికి అలవాటు లేనివాళ్లమా అన్నది నా ఎదురు ప్రశ్న. మన ఊళ్ల రామాలయాల్లో ఏకాహం అంటే ఒక పగలూ రాత్రీ, సప్తాహం అంటే ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నామం తెగకుండా భజన నడుస్తుంది. అక్కడ కూర్చున్నవారు మూడోది బాగుంది, నాలుగోది వదిలేయండి అనరు. మధ్యలో ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు, నామం మాత్రం ఆగదు. ‘సామ్స్’ అన్న మాటకు మన భాషలో ఉన్న మాటే ‘కీర్తనలు’. తెలుగు బైబిలులో 150 అధ్యాయాల ఆ గ్రంథం పేరు కీర్తనల గ్రంథము. త్యాగరాజు చేసినా, రామదాసు చేసినా, దావీదు చేసినా మనకు అది కీర్తనే. ఇంగ్లీషు శ్రోతకు ‘సామ్’ అంటే చర్చిలో చదివే పాఠం గుర్తుకొస్తుంది. తెలుగు శ్రోతకు కీర్తన అనగానే పల్లవి, తిరిగి తిరిగి వచ్చే నామం గుర్తుకొస్తాయి. సైమన్ చేసింది రెండోదానికే దగ్గరగా ఉంది. మొదటి కీర్తన ‘ద లార్డ్’లోని పల్లవి తర్వాతి భాగాల నడుమ మళ్లీ తలెత్తుతుంది. దాన్ని గుర్తుపట్టిన శ్రోతకు రచన మొత్తం చేతికి అందుతుంది, గుర్తుపట్టని శ్రోతకు అదంతా ఒకే ధోరణిగా సాగినట్టు ఉంటుంది. మీకూ మీ నాన్నగారికీ మధ్య తేడా చాలావరకు ఇక్కడే వచ్చిందని నా అనుమానం.

ఆ మొదటి కీర్తన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అభిప్రాయాలు చీలింది దాని దగ్గరే. అందులో భగవంతుణ్ణి ఒక్కొక్క పోలికతో పిలుస్తూ పోతాడు. ఇంజినీరు అంటాడు, తన రికార్డు ప్రొడ్యూసరు అంటాడు, నిరుపేదకు అన్నం అంటాడు, పరాయివాడికి తెరిచిన తలుపు అంటాడు. అదే ఊపిరిలో కోవిడ్ వైరసూ ఆయనే, పెరిగే సముద్రమూ ఆయనే అంటాడు. ఇంటర్నెట్‌లో కొందరు విదేశీ శ్రోతలు ఈ వైరస్ మాటను ఎబ్బెట్టుగా భావించారు. నాకు అలా అనిపించలేదు. సముద్రం పెరగడమంటే ఏమిటో ఉప్పాడవాళ్లను అడగాలి. వీధులకు వీధులు కోసుకుపోయిన తీరాన నిలబడి, ఇల్లు పోయినవారే గంగమ్మకు దణ్ణం పెట్టడం నేను కళ్లారా చూశాను. అన్నం పెట్టేదీ ఆ తల్లే, ఇల్లు తీసుకునేదీ ఆ తల్లే. సైమన్ న్యూజెర్సీలో యూదు కుటుంబంలో పుట్టి న్యూయార్కులో పెరిగినవాడు, తాను మతనిష్ఠ గలవాణ్ణని చెప్పుకునే మనిషి కాదు. అయినా ఆ మాటలో ఉన్న భయమూ భక్తీ విడదీయరానివని మన తీరంలో ఎవరికైనా వెంటనే తెలుస్తుంది.

గొంతు విషయానికి వస్తే, సైమన్ 1941 అక్టోబరు 13న పుట్టాడు, ఈ ఆల్బమ్ వచ్చేనాటికి 81 ఏళ్లు నిండాయి. వయసుతో స్వరతంత్రుల కండరం పలచబడుతుంది, వాటి మీది పొర తడి ఆరి సాగే గుణం తగ్గుతుంది, స్వరపేటికలోని మృదులాస్థి గట్టిపడుతుంది, ఒక ఊపిరిలో పట్టగలిగే గాలి తగ్గుతుంది. దీన్నుంచి ఏ గాయకుడూ తప్పించుకోలేడు. అయితే వయసు ఏ గొంతులో ఎలా వినిపిస్తుందన్నది ఆ గొంతు మొదట ఎలా ఉండేదన్న దాని మీద ఆధారపడుతుంది. కెనడా కవి, గాయకుడు లెనర్డ్ కోహెన్ 2016 అక్టోబరు 21న చివరి ఆల్బమ్ విడుదల చేసి, నవంబరు 7న 82వ ఏట కన్నుమూశాడు. ఆయనది మొదటినుంచీ మంద్ర స్థాయి గొంతే కావడం వల్ల, ఆ ఆల్బమ్‌లో అది ఇంకా కిందికి దిగితే శ్రోతలు దాన్ని గాంభీర్యం అన్నారు. సైమన్‌ది పలచని, తేలికైన, పై స్థాయిలో తిరిగే గొంతు. అలాంటి గొంతు ముసలిదైతే దాక్కోవడానికి చోటుండదు, ప్రతి వణుకూ బయటపడుతుంది. ఒకరి వార్ధక్యాన్ని గాంభీర్యమనీ, ఇంకొకరి వార్ధక్యాన్ని లోపమనీ అనడం న్యాయంగా నాకు కనబడదు.

అంతకన్నా ముఖ్యమైనది, ఆయన ఆ గొంతుకు తగ్గట్టే రచన చేసుకున్నాడు. చరణాలు పొట్టిగా, ఊపిరి అందేంత దూరంలోనే ముగుస్తాయి. పై స్థాయికి ఎగబాకే సంగతులు పెట్టుకోలేదు. మైకుకు దగ్గరగా, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు పాడాడు. శ్రుతి తగ్గించుకుని పాత పాటనే పాడబోయి ఇబ్బందిపడే పెద్ద గాయకులను మనం సభల్లో చూస్తూనే ఉన్నాం. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే పాత కొలతకు కుట్టిన చొక్కాను ఆయన తొడుక్కోలేదు. పైగా ఈ పని సాగుతున్న కాలంలోనే ఎడమ చెవి వినికిడి దాదాపు పోయింది. సొంత గొంతు తనకు ఎలా వినిపిస్తోందో సరిగ్గా తెలియని స్థితిలో శ్రుతి తప్పకుండా పాడడం ఎంత కష్టమో, జలుబు చేసి చెవి దిబ్బడ పడినప్పుడు హార్మోనియం పక్కన కూర్చుని పాడిన ఎవరికైనా తెలుస్తుంది.

మీ నాన్నగారి ఫిర్యాదుకు మళ్లీ వస్తాను, ఎందుకంటే దానిలోని బలమైన భాగానికి నేను ఇంకా జవాబు చెప్పలేదు. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాశారు, 1961లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తానే రాసి, తానే స్వరం కట్టి, తానే పాడే మనిషికి మనకున్న మాట వాగ్గేయకారుడు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో మాటను మాతువు అనీ, స్వరాన్ని ధాతువు అనీ అన్నాడు. రెండూ చేసేవాడే వాగ్గేయకారకుడని నిర్వచించాడు. ఆ తూకంలో పెట్టి చూస్తే, ఈ ఏడు కీర్తనల్లో మాతువు బరువు ఎక్కువ, ధాతువు బరువు తక్కువ అని ఒప్పుకోవాలి. గిటారు వాద్యం ఎంత సున్నితంగా ఉన్నా, విన్న తర్వాత ఇంట్లో కూనిరాగం తీసుకోవడానికి మిగిలేది ఆ మొదటి పల్లవీ, చివరి భాగమూ మాత్రమే. ఇంగ్లీషు మాటలను పట్టి పట్టి వినేవారికి ఇది లోటుగా తెలియదు. మాటకన్నా స్వరాన్ని నమ్ముకుని వినే మన శ్రోతలకు ఇది పెద్ద లోటే. నాన్నగారు ఈ మాట అన్నట్లయితే నేను ఆయన పక్షానే నిలబడతాను.

మూడో భాగం ‘మై ప్రొఫెషనల్ ఒపీనియన్’ మీద కూడా నాకు అసంతృప్తి ఉంది. రెండు ఆవులు మాట్లాడుకుంటూ ఒకటి రెండోదాన్ని తిడితే, దేశంలోని ఆవులన్నీ నింద మోయాలన్న ధోరణిలో, నేటి తగాదాల మీద నవ్వు తెప్పించే, బ్లూస్ అనే అమెరికన్ బాణీలోని పాట అది. విడిగా చూస్తే బాగుంటుంది. కానీ రెండు భాగాల పాటు కట్టుకుంటూ వచ్చిన నిశ్శబ్దం అక్కడ చెదిరిపోతుంది, నాలుగో భాగం దాన్ని మళ్లీ మొదటినుంచి కట్టుకోవలసి వస్తుంది. హరికథలో దాసుగారు మధ్యలో పిట్టకథ చెప్పి జనాన్ని నవ్వించి తిరిగి కథలోకి తీసుకొస్తారు కదా అని మా మేనల్లుడు వాదించాడు. అది సరైన పోలికే, అయితే మంచి దాసుగారు పిట్టకథ ముగిసిన చోటునుంచే కథలోకి మెట్టు వేస్తారు. ఇక్కడ ఆ మెట్టు నాకు దొరకలేదు.

నలుగురితో విన్నానని చెప్పాను, అందులో ఒక సాయంత్రం గురించి రాస్తాను. మా ఇంటి వసారాలో నేను, హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనల్లుడు, రామభజనలో హార్మోనియం వాయించే విశ్రాంత హెడ్మాస్టరు గారు, నరసాపురం దగ్గర చర్చిలో చిన్ననాటి నుంచి పాడిన, ఇప్పుడు మా వీధిలోనే ఉంటున్న ఒక విశ్రాంత నర్సు గారు కూర్చున్నాం. ఎవరికీ ముందుగా ఏమీ చెప్పలేదు. గంట మోగి దాని నాదం గాలిలో నిలిచినట్టుండే ధ్వనులు వచ్చినప్పుడు హెడ్మాస్టరు గారు తలెత్తి, అది ఏ వాద్యమని సైగతో అడిగారు. హారీ పార్చ్ అనే అమెరికన్ స్వరకర్త రూపొందించిన వాద్యాలు, వేలాడదీసి కొట్టే గాజు పాత్రల వంటివి, ఇందులో వాడారని తర్వాత చెప్పాను. మూడో భాగం దగ్గర ఆయన మొహంలో విసుగు కనబడింది, మంచినీళ్లకని లేచి వెళ్లి కాసేపటికి తిరిగి వచ్చారు. ఆరో భాగంలో, దారిలో నిలబడిన తల్లీకొడుకులను బండి ఎక్కించుకున్న కథ నడుస్తుండగా స్త్రీ గొంతు కలిసింది. అది సైమన్ భార్య ఈడీ బ్రికెల్. నర్సు గారు అప్పటిదాకా వాల్చిన కళ్లు తెరిచి కుర్చీలో ముందుకు జరిగారు.

ఏడో భాగం పేరు ‘వెయిట్’, అంటే ఆగు అని. వెళ్లే వేళ దగ్గరపడిందని తెలిసి, ఇంకా సిద్ధంగా లేనని వేడుకునే మనిషి గొంతు అది. భార్య గొంతు వచ్చి, అక్కడ అందంగానే ఉంటుంది, ఇంచుమించు ఇల్లులాగే ఉంటుంది అన్నట్టు ధైర్యం చెబుతుంది. చివరికి ఇద్దరూ కలిసి ‘ఆమెన్’ అంటారు. ఆ మాట స్పీకరులోంచి వచ్చిన క్షణంలోనే నర్సు గారు కూడా, తనకు తెలియకుండానే, అదే శ్రుతిలో ఆమెన్ అన్నారు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడ, “అన్నయ్యగారూ, ఆఖరి ఘడియలో ఎంతోమంది చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అందరూ అడిగేది ఇదే, కాస్త ఆగమనే” అన్నారు. హెడ్మాస్టరు గారు, “చివర బాగుందండీ, మధ్యలో మాత్రం నాకు ఆనలేదు” అన్నారు. మా మేనల్లుడు ఏమీ అనకుండా మర్నాడు ఉదయం తానొక్కడే మళ్లీ విన్నాడు. ఒకే వసారాలో, ఒకే స్పీకరు ముందు నలుగురం నాలుగు రకాలుగా విన్నాం. వారిలో ఎవరూ అశ్రద్ధగా వినలేదు.

పెద్ద కళాకారుడి కొత్త పని మీద అభిప్రాయాలు చీలడం మనకూ కొత్త కాదు. కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాలుగు స్వరాలతో లవంగి వంటి రాగాలు చేసినప్పుడు, అది రాగమెలా అవుతుందని వాదించిన విద్వాంసులు ఉన్నారు, చేతులెత్తి మొక్కిన శ్రోతలూ ఉన్నారు. ఆ వాదం వల్ల రాగానికి నష్టం జరగలేదు. ఇప్పటికీ కచేరీల్లో వినిపిస్తోంది.

నాన్నగారికి మళ్లీ వినిపించవచ్చా అంటే, తప్పకుండా వినిపించండి, అయితే రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఇది గొప్పదని, మీకు కన్నీళ్లు వచ్చాయని ముందుగా చెప్పకండి. 40 ఏళ్లుగా వింటున్న మనిషికి ఏది గొప్పదో కొడుకు చెప్పి వినిపిస్తే, చెవికన్నా ముందు పట్టుదల లేస్తుంది. రెండోది, ఇది పగటిపూట, మనుషులు వచ్చిపోయే వేళ పెట్టకండి. తెల్లవారుజామున పుట్టిన మాటలు తెల్లవారుజామునే బాగా వినిపిస్తాయని నా అనుభవం. మా ఊళ్లో కొబ్బరి ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేని ఆ గంటలో వింటే, పగలు వినబడని గిటారు తీగల మీది వేళ్ల రాపిడి కూడా వినబడింది. ఇయర్‌ఫోన్లు వద్దు, మామూలు స్పీకరులో తక్కువ శబ్దంతో పెట్టండి. మొదటి పల్లవి మళ్లీ వచ్చిన చోట మాత్రం, ఇది ఇందాకటిదే కదూ నాన్నా అని ఒక్క మాట అనండి. అంతకుమించి ఏమీ చెప్పకండి. విన్న తర్వాత ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి. రెండోసారి కూడా బాగోలేదంటే, ఏ చోట లేచారో ఆ నిమిషంతో సహా రాయండి. అది మూడో భాగమైతే ఆయనా నేనూ ఒకే మాట మీద ఉన్నట్టు.